ఎవరి బాప్తిస్మం? డోనాటిస్టు వివాదంలో అగస్టీను వాదం – గోదావరి డెల్టా సంఘాలు

1. ప్రవేశిక

తెలుగు ప్రసంగ పీఠాల మీద పరిశుద్ధ అగస్టీను పేరు తరచుగానే వినబడుతుంది. అయితే వినబడేది దాదాపు ఒకే కథ: దారి తప్పిన కుమారుడు, కన్నీటితో ప్రార్థించిన తల్లి మోనిక, మిలాను పట్టణంలోని ఒక తోటలో రోమా పత్రిక చదివి మారుమనస్సు పొందిన ఘట్టం. స్త్రీల కూడికల్లో మోనిక, యౌవనుల కూడికల్లో అగస్టీను సాక్ష్యాలుగా నిలుస్తారు. ఇది ఆయనే తన 'కన్ఫెషన్స్' గ్రంథంలో చెప్పుకున్న కథ. అందులో మనం చెప్పకుండా విడిచిపెట్టే భాగం కూడా ఉంది. పదిహేనేళ్ళకు దగ్గరగా ఆయనతో కాపురం చేసి, అదెయోదాతు అనే కుమారుణ్ణి కన్న స్త్రీని హోదాకు తగిన పెళ్ళి సంబంధం కోసం ఆఫ్రికాకు పంపివేశారు. ఆ గ్రంథంలో ఆమెకు పేరైనా లేదు.

ఈ కథ 386వ సంవత్సరంతో ఆగిపోతుంది. అగస్టీను ఆ తరువాత 44 ఏళ్ళు జీవించాడు. 387 ఈస్టరు రాత్రి మిలానులో అంబ్రోసు చేత బాప్తిస్మం పొంది, స్వదేశానికి తిరిగి వచ్చి, 391లో హిప్పో పట్టణంలో గురువుగా అభిషేకం పొందాడు. 395–396 నుంచి 430 ఆగస్టు 28న మరణించే వరకు ఆ పట్టణానికి బిషప్పు. ఆ కాలంలో ఆయనను మిక్కిలి వేధించిన సమస్య ఒక చీలిపోయిన సంఘం. ఒకే ఊరిలో రెండు బలిపీఠాలు, ఇద్దరు బిషప్పులు, ఒకరి బాప్తిస్మాన్ని మరొకరు ఒప్పుకోని పరిస్థితి.

మారుమనస్సు పొందిన అగస్టీనును మనం స్వీకరించాము; చీలిన సంఘపు కాపరియైన అగస్టీనును స్వీకరించలేదు. మనకు అవసరమైనది ఈ రెండవ అగస్టీను అనీ, ఆయన వాదాన్ని విమర్శతోనే స్వీకరించాలనీ చూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మూడు దారుల కూడలి

ఈ ప్రశ్నను జొన్నాడ నుంచి అడగడానికి కారణం ఉంది. గౌతమీ గోదావరి వంతెనకు ఇవతల జొన్నాడ, అవతల రావులపాలెం. ఉత్తరాన రాజమండ్రి దారి. అక్కడ లూథరన్ మిషను పని 1845లో ఆరంభమైంది. తూర్పున ఆలమూరు, మండపేటల మీదుగా రామచంద్రపురం దారి; అది 1874లో కాకినాడలో అడుగుపెట్టిన కెనడియన్ బాప్టిస్టు మిషను పొలం. వంతెన దాటితే కోనసీమ. 1836లో ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇండియాకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నరసాపురం కేంద్రంగా నాటిన గోదావరి డెల్టా మిషను బ్రదరన్ కూడికలు అక్కడ విస్తరించాయి. తరువాత బక్త్ సింగ్ గారి సహవాసాలు, పెంతెకొస్తు సంఘాలు, స్వతంత్ర ప్రార్థనా మందిరాలు వచ్చాయి. కతోలిక విచారణలు కూడా ఉన్నాయి.

ఈ సంఘాల మధ్య పెళ్ళి సంబంధాలున్నాయి, పాటలు ఒకటే, సువార్త మహాసభలకు అందరూ వెళతారు. చీలిక బయటపడేది బాప్తిస్మం దగ్గర. చంటిబిడ్డగా చిలకరింపు పొందిన లూథరన్ యువతి బ్రదరన్ ఇంటికి కోడలైతే, ఆమె బల్లలో పాలు పొందాలంటే ముంచుడు బాప్తిస్మం తీసుకోవాలంటారు. పెళ్ళి ఆశీర్వదించడానికి ముందు అది జరగాలని షరతు పెట్టే కాపరులూ ఉన్నారు. తనకు బాప్తిస్మమిచ్చిన అయ్యగారు తరువాత డబ్బు విషయంలోనో నడవడి విషయంలోనో పడిపోతే, తన బాప్తిస్మం చెల్లుతుందా అని విశ్వాసి కలవరపడతాడు. ఈ ప్రశ్నల్లో కొన్ని అగస్టీను ఎదుర్కొన్నవే. కొన్ని కావు. ఆ తేడా గుర్తించకపోతే ఆయనను అక్రమంగా వాడుకున్నవారమవుతాము.

3. వివాద నేపథ్యం: అప్పగించినవారు

303లో చక్రవర్తి డయొక్లీషియను ఆరంభించిన హింసలో లేఖన ప్రతులను అధికారులకు అప్పగించాలని ఆజ్ఞ వచ్చింది. అప్పగించిన గురువులకు 'త్రాదితోరెస్' అని పేరు పడింది. యూదా యేసును అప్పగించాడని చెప్పడానికి లాటిను బైబిలు వాడిన క్రియ నుంచే ఈ మాట వచ్చింది. మన తెలుగు బైబిలులోనూ అదే 'అప్పగించు' కాబట్టి ఆ నింద బరువు మనకు తేలికగానే తెలుస్తుంది. హింస ముగిసిన తరువాత కార్తేజి బిషప్పుగా సెసీలియను అభిషిక్తుడైనప్పుడు, అతని మీద చేతులుంచిన ఫెలిక్సు లేఖనాలను అప్పగించినవాడని న్యుమీదియా ప్రాంతపు బిషప్పులు ఆరోపించి, వేరొకరిని నిలబెట్టారు. ఆ వరుసలో వచ్చిన డోనాటు పేరు మీదనే ఉద్యమానికి డోనాటిజం అని పేరు. 314లో ఆర్లు సభ సెసీలియను పక్షాన తీర్పు చెప్పింది. తరువాతి విచారణలో ఫెలిక్సు నిర్దోషి అని తేలింది. చీలిక మాత్రం నూరేళ్ళకు పైగా నిలిచింది.

డోనాటిస్టుల వాదం సులభంగా అర్థమయ్యేది. తనకు లేనిదాన్ని ఎవరూ ఇతరులకు ఇవ్వలేరు. అపవిత్రుడైన గురువు పవిత్రతను ఎలా ఇస్తాడు? అందుచేత కతోలిక పక్షం నుంచి తమలో చేరినవారికి వారు మరల బాప్తిస్మమిచ్చేవారు. మన డెల్టాలో వినబడే మాటలకు ఇది దూరం కాదు.

వారిని కేవలం మొండివారిగా చిత్రించడం చరిత్రకు న్యాయం కాదు. డబ్ల్యు. హెచ్. సి. ఫ్రెండ్ 1952లో వెలువరించిన గ్రంథంలో, డోనాటిజాన్ని రోమా భూస్వామ్యానికీ పట్టణ సంస్కృతికీ ఎదురు నిలిచిన గ్రామీణ ఆఫ్రికా నిరసనగా వ్యాఖ్యానించాడు. తరువాతి పరిశోధకులు ఆ వ్యాఖ్యను చాలావరకు సవరించారు. పట్టణాల్లోనూ ధనికుల్లోనూ డోనాటిస్టులున్నారు. అయినా తమది హింస పొందిన సంఘమనీ, ఎదుటివారిది రాజ్యంతో చేయి కలిపిన సంఘమనీ వారికున్న జ్ఞాపకం వట్టిది కాదు. దళిత వేదాంతం చదివిన తెలుగు విద్యార్థి మొదట డోనాటిస్టుల వైపు మొగ్గితే అందులో ఆశ్చర్యం లేదు.

4. సిప్రియను ఎవరివాడు?

డోనాటిస్టుల చేతిలో గట్టి ఆయుధం ఒకటుంది. 258లో హతసాక్షియైన కార్తేజి బిషప్పు సిప్రియను వారి పక్షాన ఉన్నట్లు కనబడ్డాడు. సంఘం వెలుపల ఇచ్చిన బాప్తిస్మం బాప్తిస్మమే కాదని ఆయన బోధించాడు. 256లో ఆయన అధ్యక్షతన జరిగిన కార్తేజి సభలో 87 మంది బిషప్పుల అభిప్రాయాలు ఆ పక్షానే నమోదయ్యాయి. రోమా బిషప్పు స్తెఫను దీనిని వ్యతిరేకించాడు. ఆఫ్రికా క్రైస్తవులకు సిప్రియను కంటే పెద్ద పేరు లేదు. అటువంటివాని బోధను కాదనడం ఎలా?

400 ప్రాంతంలో అగస్టీను రాసిన 'బాప్తిస్మమును గూర్చి, డోనాటిస్టులకు వ్యతిరేకముగా' అనే ఏడు పుస్తకాల గ్రంథం ఈ చిక్కు నుంచే పుట్టింది. చివరి రెండు పుస్తకాల్లో ఆయన 256 నాటి సభలోని అభిప్రాయాలను ఒక్కొక్కటిగా తీసుకొని జవాబిస్తాడు. చదవడానికి విసుగు కలిగించే భాగమది. వాదం పదే పదే తిరిగి వస్తుంది. కాని గ్రంథపు అసలు విలువ సిప్రియనును ఆయన చూసిన తీరులో ఉంది. సిప్రియను బాప్తిస్మ విషయంలో పొరబడ్డాడని దాపరికం లేకుండా చెబుతాడు. వెంటనే, తనతో ఏకీభవించని బిషప్పులతో సిప్రియను సహవాసం తెంచుకోలేదని గుర్తు చేస్తాడు. పేతురు సయితం అంతియొకయలో తప్పటడుగు వేసి పౌలు చేత గద్దింపు పొందాడు కదా (గలతీ 2:11–14). డోనాటిస్టులు సిప్రియను పొరబాటును తీసుకొని ఆయన ప్రేమను విడిచిపెట్టారు. మేము పొరబాటును విడిచి ప్రేమను తీసుకుంటున్నాము అన్నది అగస్టీను వాదసారం.

మన సంఘాలకు ఈ గ్రంథంలో మొట్టమొదట నేర్చుకోవలసినది ఇదే. బాప్తిస్మాన్ని గూర్చి తప్పు అభిప్రాయం ఉన్నవాడు సహవాసంలో నిలిచి ఉండగలడు. సరియైన అభిప్రాయం ఉన్నవాడు సహవాసాన్ని తెంచి దోషి కాగలడు.

5. రాతి కాలువలో నీరు

బాప్తిస్మం ఇచ్చేవాడు క్రీస్తే అన్నది అగస్టీను వాదానికి పునాది. చేతులు పేతురువైనా యూదావైనా బాప్తిస్మం క్రీస్తుది; అందుచేత యూదా వంటివాని చేతి మీదుగా పొందినవానికి మరల ఇవ్వనక్కరలేదు. దీనికి ఆయన తెచ్చే ఉపమానాల్లో ఒకటి సైనికుని ఒంటి మీది రాజముద్ర. సైన్యం విడిచి పారిపోయినవాడు తిరిగి వస్తే అతణ్ణి క్షమించి చేర్చుకుంటారు గాని కొత్త ముద్ర వేయరు. మరొకటి యోహాను సువార్త ప్రసంగాల్లోనిది. నీరు రాతి కాలువ గుండా తోట మళ్ళకు పారుతుంది. రాతిలో ఏదీ మొలవదు, తోట మాత్రం పండుతుంది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి లాకుల మీద, తూముల మీద బ్రతుకుతున్న డెల్టాకు ఈ ఉపమానం విడమరచి చెప్పనవసరం లేదు. తూము రాయి ఎండినదైనా చేలోకి వచ్చినది గోదావరి నీరే. కాపరి పడిపోయాడని కలవరపడే విశ్వాసికి ఇంతకంటే ఆదరణ లేదు: నీవు పొందినది అయ్యగారి బాప్తిస్మం కాదు. వ్యక్తుల చుట్టూ అల్లుకుంటున్న నేటి సేవలకు ఇదే మందలింపు. ఫలానా దైవజనుని చేతి మీదుగా బాప్తిస్మం పొందామని గొప్పగా చెప్పుకోవడాన్ని కొరింథులో పౌలు కూడా ఖండించాడు (1 కొరింథీ 1:12–17).

అయితే ఈ ఉపమానాన్ని కాపరులు తమ రక్షణకు వాడుకునే ప్రమాదం ఉంది. నీరు పారుతోంది గదా అని పగిలిన తూమును బాగుచేయకుండా ఎవరూ విడిచిపెట్టరు. గురుగుల ఉపమానం (మత్తయి 13:24–30) విషయంలో ఈ ప్రమాదం ఇంకా స్పష్టం. సంఘంలో మంచివారు, చెడ్డవారు కోతకాలం వరకు కలిసే ఉంటారని అగస్టీను దీని మీద ఆధారపడి బోధించాడు. 411 కార్తేజి సమావేశంలో డోనాటిస్టులు దీనికిచ్చిన జవాబు బలమైనది: పొలం లోకమని ప్రభువే చెప్పాడు (13:38), సంఘమని చెప్పలేదు. వల ఉపమానం (13:47–50) ముందుకు వచ్చినప్పుడు, నీటి అడుగున ఉన్న వలలో ఏ చేప మంచిదో జాలరికి తెలియదు గనుక అది రహస్య పాపులకు వర్తిస్తుంది గాని బహిరంగ పాపులకు కాదన్నారు. వ్యాఖ్యానపరంగా ఈ చోట డోనాటిస్టులే వాక్యానికి దగ్గరగా ఉన్నారని ఒప్పుకోవాలి. అగస్టీను క్రమశిక్షణను నిరాకరించలేదు. సంఘాన్ని చీల్చేంతగా దానిని నడపవద్దన్నాడు. సంఘపు ఆస్తులు, ఎన్నికలు, వ్యాజ్యాల గురించి ప్రశ్నించినవారిని గురుగుల ఉపమానంతో నోరు మూయించేవారు ఆయన మాటలో సగమే వాడుతున్నారు.

6. అగస్టీను జవాబు చెప్పని ప్రశ్న

బ్రదరన్, బాప్టిస్టు సహోదరుల అభ్యంతరాన్ని ఇక్కడ న్యాయంగా పరిశీలించాలి. వారి ప్రశ్న ఇచ్చినవాని యోగ్యతను గూర్చినది కాదు. పొందినవాని విశ్వాసాన్ని గూర్చినది. చంటిబిడ్డ విశ్వసించలేదు గనుక జరిగినది బాప్తిస్మమే కాదు, కనుక మేమిచ్చేది రెండవది కాదు, మొదటిదే అంటారు. డోనాటిస్టు వివాదంలో ఇరుపక్షాలూ చంటిబిడ్డలకు బాప్తిస్మమిచ్చినవారే. కాబట్టి ఆ వివాదంలో గెలిచిన వాదాన్ని తెచ్చి ఈ ప్రశ్నను తేల్చేశామనుకోవడం తగదు.

ఈ రెండింటినీ కలగలిపినందుకు చరిత్ర రక్తం చూసింది. డోనాటిస్టుల కాలంలో పునర్బాప్తిస్మానికి వ్యతిరేకంగా వచ్చిన రోమా చట్టాలు జస్టీనియను స్మృతిలో చేరాయి. 1529లో స్పైయరు సభ ఆ స్మృతిని ఆధారం చేసుకొని అనబాప్టిస్టులకు మరణశిక్ష విధించాలని శాసించింది. అంతకు రెండేళ్ళ ముందే జూరిక్‌లో ఫెలిక్సు మాంజును నదిలో ముంచి చంపారు. ముంచుడు బాప్తిస్మం కోరేవారిని తేలికగా 'డోనాటిస్టులు' అని పిలిచే మనవారు ఈ సంగతి మరువకూడదు.

పరిష్కారానికి దారులు లేకపోలేదు. 1970లో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘం బాప్టిస్టులను, బ్రదరన్ సంఘాన్ని కూడా చేర్చుకొని రెండు ఆచారాలకూ చోటిచ్చింది. 1982 నాటి లీమా పత్రం పునర్బాప్తిస్మంగా కనబడే దేనినైనా మానుకోవాలని కోరుతూనే, విచక్షణ లేకుండా చంటిబిడ్డలకు బాప్తిస్మమిచ్చే సంఘాలను కూడా హెచ్చరించింది. రెండవ హెచ్చరిక మన లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాలకు సూటిగా తగులుతుంది. నిర్ధారణ తరగతులు నాలుగు ప్రశ్నల కంఠస్థంగా మిగిలినచోట, తన బాప్తిస్మం తనకు అర్థం కాని యువకుడు నది దగ్గరకు వెళ్ళడంలో వింత లేదు.

7. ధ్రువపత్రం, పేట

అగస్టీను వాదంలో రెండవ సగం మనకు మరింత కష్టమైనది. చీలిక పక్షపు బాప్తిస్మం నిజమైనదే, కాని ప్రేమ లేనిచోట అది మేలు చేయదంటాడు. ఆయన దృష్టిలో సంఘాన్ని విడగొట్టడం ప్రేమకు విరోధమైన పాపం. నీ బాప్తిస్మం చెల్లుతుందా అన్న మన ప్రశ్న స్థానంలో, దానితో నీవు ఏం చేశావన్న ప్రశ్నను ఆయన నిలబెడతాడు.

డెల్టా గ్రామాల్లో ఒకే మిషను నాటిన సంఘమే మాలపేటలో ఒక మందిరంగా, మాదిగపేటలో మరొక మందిరంగా నిలిచిన చోట్లున్నాయి. వీరి మధ్య బాప్తిస్మ సిద్ధాంతంలో తేడా లేదు. విశ్వాస ప్రమాణం, కీర్తనల పుస్తకం, కొన్నిచోట్ల కాపరి కూడా ఒకరే. అయినా బల్ల వేరు, సమాధుల తోట వేరు. ముంచుడా చిలకరింపా అని తర్కించే మనం, ఏ సిద్ధాంతమూ అడ్డు లేని ఈ చీలిక గురించి ఎంత మాట్లాడాము? ఎఫెసీ 4:5లోని ఒకే బాప్తిస్మం ఈ పేటల మధ్య దారిలో పరీక్షకు నిలుస్తుంది.

పవిత్రతను గూర్చిన మరొక తర్కం ధ్రువపత్రం చుట్టూ ఉంది. 250లో చక్రవర్తి డేసియను హింసలో దేవతలకు బలి అర్పించినట్లు పత్రాలు సంపాదించి ప్రాణాలు దక్కించుకున్న క్రైస్తవులుండేవారు. వారిని ఏం చేయాలన్నది సిప్రియను కాపరి జీవితంలో పెద్ద పరీక్ష. కఠినులు తలుపు మూయమన్నారు, ఉదారులు అడగకుండానే తెరవమన్నారు. ఆయన పశ్చాత్తాపంతో కూడిన తిరిగి చేరికకు దారి వేశాడు. మన దేశంలో 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కాని దళితులను షెడ్యూల్డు కులాల జాబితా నుంచి మినహాయించింది. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవులు బి.సి.–సి వర్గంలో ఉన్నారు. అందువల్ల ఆదివారం మందిరానికి వచ్చి, కాగితం మీద హిందువుగా ఉండి, బాప్తిస్మపు రిజిస్టరులో పేరు రాయించుకోవడానికి వెనుకాడే కుటుంబాలున్నాయి.

ఈ పోలికకు హద్దుంది. డేసియను నాటి పత్రం బలి అర్పణకు సాక్ష్యం. కుల ధ్రువపత్రం పుట్టుకకూ, తరతరాల అవమానానికీ సాక్ష్యం. బాప్తిస్మంతో ఆ అవమానం ఊళ్ళో తొలగిపోలేదు, హక్కు మాత్రం తొలగింది. ఈ ఉత్తర్వు న్యాయాన్ని ప్రశ్నించకుండా, దాని కింద నలిగినవారిని 'అప్పగించినవారు' అని పిలిచే పీఠం డోనాటిస్టు పీఠమే. అసత్యాన్ని సత్యమని చెప్పమని అగస్టీను అడగడు. కాని బలహీనుణ్ణి వెలివేసి సంపాదించుకున్న పవిత్రతను ఆయన పవిత్రత అనడు.

8. విందుకు బలవంతం

ఇంతవరకు చెప్పిన అగస్టీనును చివరి అగస్టీను నుంచి విడదీయలేము. మొదట ఆయన డోనాటిస్టుల మీద రాజ్యబలం వద్దన్నాడు. 405లో ఐక్యతా శాసనం వచ్చింది. 411 సమావేశంలో 550 మందికి పైగా బిషప్పులు ఇరుపక్షాలా హాజరైతే, చక్రవర్తి ప్రతినిధి మార్సెల్లీను కతోలికులకు అనుకూలంగా తీర్పిచ్చాడు. 412లో జరిమానాలు, మందిరాల స్వాధీనం మొదలయ్యాయి. చట్టభయంతో తన సొంత ఊరే ఐక్యతలోకి వచ్చిందని చెబుతూ అగస్టీను తన అభిప్రాయ మార్పును విన్సెంటుకు రాసిన లేఖలో సమర్థించుకున్నాడు. 417లో బోనిఫేసుకు రాసిన లేఖలో గొప్ప విందు ఉపమానంలోని బలవంతపు మాటను (లూకా 14:23) ఆధారంగా చూపాడు. మరణశిక్ష వద్దని అధికారులను వేడుకున్నాడన్నది నిజమే. అయినా తరువాతి శతాబ్దాల హింసకులకు ఆయన కలం నుంచి ఒక వాక్యాధారం దొరికింది.

ప్రేమ మీద కట్టిన వాదం బలవంతంతో ముగియడం ఆయన వేదాంతానికి తగిలిన లోతైన గాయం. ప్రేమను ఐక్యతతో సమానం చేసి, ఐక్యతను సంస్థతో సమానం చేసినప్పుడు ఇది జరుగుతుంది. బలవంతపు మతమార్పిడి అనే నిందను నిత్యం మోస్తున్న మనం ఆ లేఖలను సమర్థించలేము.

అదే 411లో మరొక సంగతి జరిగింది. సమావేశానికి ముందు కతోలిక బిషప్పులు ఒక మాట ఇచ్చారు. తాము ఓడితే పదవులు విడిచిపెడతాము. గెలిస్తే డోనాటిస్టు బిషప్పులతో పదవి పంచుకుంటాము. ఒకే చోట ఇద్దరు బిషప్పులను ప్రజలు ఒప్పుకోకపోతే ఇద్దరమూ తప్పుకొని మూడవవానికి చోటిస్తాము. ఈ మాట వెనుక అగస్టీను ఉన్నాడు. బిషప్పు పదవి సంఘం కోసం గాని సంఘం పదవి కోసం కాదన్న ఆయన బోధకు ఇదే రుజువు.

9. ముగింపు

1964లో లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ., మెథడిస్టు సంఘాలు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను స్థాపించాయి. తరువాత అది హైదరాబాదుకు తరలింది. మన కాపరులు ఒకే బల్ల మీద పుస్తకాలు పరచి చదువుకున్నారు. ఊరికి వచ్చాక ప్రభువు బల్ల వేరు చేసుకున్నారు. ఈ స్థితిలో అగస్టీను మనకిచ్చేది మూడు పనులు. బాప్తిస్మం క్రీస్తుదని ఒప్పుకొని, పక్క సంఘపు విశ్వాసిని బాప్తిస్మం లేనివానిగా చూడటం మానాలి. బాప్తిస్మంపై భేదాభిప్రాయం తేలేవరకు సిప్రియను వలె సహవాసం తెంచుకోకుండా ఉండాలి. మాలపేట, మాదిగపేట బల్లలను కలపడానికి ఏ సభ తీర్మానమూ అక్కరలేదు గనుక ఆ పని ముందు చేయాలి. ఈ మూడింటికీ 411 నాటి బిషప్పుల మాటే కొలత. ఐక్యత కోసం కుర్చీ విడిచిపెట్టడానికి సిద్ధపడినవాడే ఐక్యతను గూర్చి ప్రసంగించడానికి అర్హుడు.